దుబాసీ కొలువు: ఆదాయ వ్యయాలు

ఉగాదినాడు వేపపువ్వు పచ్చడి తిన్న పిమ్మట మనం చేసే మొదటి పని పంచాంగం వినడం. వాన లెట్లా కురుస్తాయి, పంట లెట్లా పండుతాయి అన్న లోకం సంగతులు ముగిసిన తరువాత, ప్రతివారూ చెవి ఒగ్గి వినేది తమ రాశిఫలం. ఆదాయ మెంత, వ్యయ మెంత. రాజపూజ్య మెంత, అవమాన మెంత! ఆదాయం పదకొండు అని మురిసేలోగా వ్యయం పద్నాలుగు అని అయ్యవారు చదువుతారు. మన పెద్దలు ఒక్క ఆదాయం మాత్రం చెప్పి ఊరుకోలేదు. నాలుగూ కలిపి లెక్క చూసుకొమ్మన్నారు.

ఈ సంవత్సరాదికి కొద్ది రోజుల ముందు, తొండియార్‌పేటలో మా వీధి సోదరి ఒకామె ఈ లెక్కే నన్ను అడిగింది. “అన్నయ్యగారూ! మా పెద్దవాడికి కన్సల్టింగు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జీతం బాగానే ఉంది. కాని వాడు చేసేపని ఏమిటో నాకు బోధపడలేదు. ఇంకొకరి కంపెనీకి వెళ్ళి, వాళ్ళ వ్యాపారం ఎట్లా చేసుకోవాలో వీడు చెప్పాలిట. తనది కాని వ్యాపారానికి సలహా చెప్పడం కూడా ఒక ఉద్యోగమేనా? చేరమనవచ్చునా?” అని అడిగింది.

“అమ్మా! పేరు కొత్తది గాని పని కొత్తది కాదు. ఈ పట్నం పుట్టిననాటినుండీ మనవాళ్ళు చేసిన పనే ఇది. మన పేటలోనే ఆ పనిలో పండిపోయినవారు ఒకరు ఉండేవారు” అన్నాను. ఆమెకు అప్పుడు రెండు మాటలలో చెప్పి పంపాను. ఆ రెండు మాటలనే ఇక్కడ కొంత విపులంగా వ్రాస్తున్నాను. పిల్లలను ఇటువంటి కొలువులకు పంపిన తల్లిదండ్రులు, పంపబోయేవారు మనలో చాలామంది ఉన్నారు గదా.

సలహాను సరుకుగా అమ్మే కంపెనీలు పాశ్చాత్య దేశాలలో సుమారు నూట నలభై ఏళ్ళ క్రితం మొదలైనవి. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఆర్థర్ లిటిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1886లో ఇటువంటి సంస్థకు నాంది పలికాడు. 1926లో మెకిన్సీ అనే లెక్కల ఆచార్యుడు చికాగోలో మరొకటి స్థాపించాడు. మన దేశంలో 1968లో బొంబాయిలో టాటావారు తమ కన్సల్టెన్సీని ప్రారంభించారు. ఈ సంస్థలకు గనులు లేవు, మిల్లులు లేవు. తెలిసిన మనుషులే వారి మూలధనం. ఒకరి పొలానికి మరొకరు ఎద్దులను అద్దెకు తోలినట్లు, వీరు బుద్ధిని కాలం లెక్కన అద్దెకు ఇస్తారు.

పట్నానికి తొలి సలహాదారు

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్నంలో కొట్టు పెట్టారు. 1626లో నెల్లూరు తీరాన దుగరాజపట్నం దగ్గర మరొకటి పెట్టారు. అక్కడ వారికి కావలసిన రకం బట్ట చవకగా దొరకలేదు. అప్పుడు ఫ్రాన్సిస్ డే అనే ఉద్యోగి దక్షిణంగా మంచిచోటు వెతకడానికి బయలుదేరాడు. నేతగాండ్రు ఎక్కడ ఉన్నారు, ఏ నాయకుణ్ణి ఎట్లా అడగాలి, ఏ కానుక ఇవ్వాలి, సుంకం ఎంతకు ఒప్పించాలి—ఇవేవీ ఆయనకు తెలియవు. తెలిసిన మనిషి ఒకడు కావలసివచ్చాడు. ఆ మనిషి బేరి తిమ్మన్న.

తిమ్మన్న పాలకొల్లు ప్రాంతంనుండి వచ్చిన తెలుగు వర్తకుడని చెబుతారు. 1639 ఆగస్టులో దామర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసపట్నం చోటును ఇంగ్లీషువారికి ఇచ్చాడు. ఇచ్చిన నాయకుడు తెలుగువాడు, మాట నడిపిన తిమ్మన్న తెలుగువాడు. దామర్లవారి తండ్రి చెన్నప్ప పేరిట చెన్నపట్నం వెలసింది. ఇటువంటి పని చేసేవారిని ‘ద్విభాషి’ అన్నారు. ఆ మాట నోళ్ళలో అరిగి ‘దుబాసీ’ అయింది. రెండు భాషలు వచ్చినవాడని దాని అర్థమే గాని, దుబాసీ చేసేది ఉత్త అనువాదం కాదు. దొరకు ఊరు తెలియదు, ఊరికి దొర తెలియదు. ఇద్దరి మధ్యా నిలబడి ఇద్దరి నమ్మకాన్నీ మోసేవాడే దుబాసీ. ఈనాటి కన్సల్టెంటుకు మన ఊళ్ళో ముత్తాత ఆయనే అనుకోవచ్చును.

పట్నం క్రమంగా పెరిగింది. 1693లో ఎగ్మూరు, పురశవాక్కంలతోపాటు మన తొండియార్‌పేట కూడా కంపెనీ చేతికి వచ్చింది. 1717 నుండి 1720 వరకు గవర్నరుగా ఉన్న కాలెట్ పేరిట, తిరువొత్తియూరు దారిలో నేతపనివారికై వెలసిన పేటను ఈనాడు కాలడిపేట అంటున్నాము. 2021 ఫిబ్రవరిలో వింకోనగర్ దాకా మెట్రో రైలు సాగినప్పటినుండి తొండియార్‌పేట, కాలడిపేట స్టేషన్ల పేర్లయినాయి. ప్రొద్దుటిపూట భుజాన సంచీ, అందులో ల్యాప్‌టాప్ వేసుకుని ఆ రైలెక్కే పడుచువాండ్రలో ఎంతమంది ఈనాటి దుబాసీలో!

ఇక పంచాంగం వరుసలోనే లెక్క చూద్దాము.

ఆదాయం

దుబాసీకి జీతం కొద్ది. అసలు రాబడి అంతా ప్రతి లావాదేవీమీదా వచ్చే దస్తూరీ. కంపెనీ సీమకు పంపే బట్టకు ముందుగా బయానా డబ్బు ఇచ్చేది. ఆ డబ్బు పల్లెపల్లెకూ పంచి, మగ్గాలవారిచేత నేయించి, రకం చూసి, మూటలు కట్టించి కోటకు చేర్చే బాధ్యత పెద్ద వర్తకులది. తిమ్మన్న తరువాత ఈ పనిలో పేరుమోసినవాడు కాశీ వీరన్న. ఇంగ్లీషు కాగితాలలో ఆయన పేరు ‘కాసా వెరోనా’గా మారిపోయింది. పలువురు వర్తకులను ఒక్క కూటమిగా చేర్చి, వాటాలు పెట్టించి, కంపెనీతో ఒప్పందం నడిపినవాడాయన. కూటమి కట్టి వ్యాపారం చేసే విద్య మనవారు సీమనుండి నేర్చుకున్నారని అనుకుంటాము. అది ఈ పట్నంలో 1670లనాటికే మన తెలుగు వర్తకుల చేతిలో ఉన్నది.

ధనంకన్నా గొప్ప ఆదాయం మరొకటి ఉన్నది. అది తెలివిడి. సాధారణ వర్తకుడు తన కొట్టు ఒక్కటే ఎరుగును. దుబాసీకి కోటలో లెక్కలు తెలుసును, ఓడల రాకపోకలు తెలుసును, నవాబు దర్బారు మర్యాదలు తెలుసును. ఇరవై ఏళ్ళలో ఇతరులు నేర్చేది అయిదేళ్ళలో నేర్చేవాడు.

ఈనాటి కన్సల్టింగు కొలువులోనూ మొదటి లాభం ఇదే. ఇరవై మూడేళ్ళ పిల్లవాడు ఒక ఏడు మందుల ఫ్యాక్టరీ లోపల ఏం జరుగుతుందో చూస్తాడు, మరొక ఏడు బ్యాంకు లోపల చూస్తాడు. పదిమంది పెద్దల ఎదుట నిలబడి భయంలేకుండా మాట్లాడడం నేర్చుకుంటాడు. చెప్పదలచిన విషయం నాలుగు ముక్కలలో తేల్చి చెప్పడం వంటబడుతుంది. జీతమూ త్వరగా పెరుగుతుంది. కొన్నేళ్ళ తరువాత ఏదైనా కంపెనీ పిలిచి పెద్ద పదవి ఇవ్వడమూ కద్దు. మధ్యతరగతి ఇంటినుండి, సిఫార్సు చేసేవారు లేకుండా వెళ్ళిన పిల్లవాడికి ఇది చిన్న విషయం కాదు. అతడు ఎవరి కొడుకని కాక, అతడికి ఏమి తెలుసునని అడిగే చోటు అది.

రాజపూజ్యం

కాశీ వీరన్న 1680లో చనిపోయాడు. అప్పుడు కోటలో 30 ఫిరంగులు ప్రేల్చి మర్యాద చేశారు. స్వదేశీ వర్తకుడికి అంతటి మర్యాద ఆ రోజులలో సామాన్యం కాదు. ఆయన భార్య సహగమనం చేయబోగా గవర్నరు స్ట్రెయిన్‌షాం మాస్టర్ అడ్డుపడి ఆపాడని కూడా చరిత్ర చెబుతున్నది.

దుబాసీలు ఆ గౌరవాన్ని ఊరి మేలుకు వాడిన సందర్భాలూ ఉన్నాయి. పట్నం పెద్ద కోవెల చెన్నకేశవస్వామిది. దాని తొలినాళ్ళ పోషకులలో బేరి తిమ్మన్న పేరు వినబడుతుంది. ఈనాడు హైకోర్టు ఉన్నచోట ఉండిన ఆ కోవెలను 1757లో కోట రక్షణ కోసమని కంపెనీవారు పడగొట్టారు. తరువాత దాన్ని వేరేచోట తిరిగి కట్టించడానికి పూనుకున్నవాడు మణలి ముత్తుకృష్ణ ముదలియారు. ఆయనా గవర్నరు పిగట్‌కు దుబాసీయే. తెలుగు దుబాసీ పోషించిన కోవెలను తమిళ దుబాసీ నిలబెట్టాడు. ఈ పట్నంలో మన రెండు జాతుల సహవాసానికి అది చక్కని గుర్తు.

నేటి సలహాదారుకు ఫిరంగులు ప్రేల్చరు గాని, మర్యాద లోటు లేదు. విమానంలో ముందువరుస, పెద్ద హోటలులో బస, కంపెనీ అధిపతి పక్కన కుర్చీ. పాతికేళ్ళ వయస్సులో ఇవి తల తిప్పివేయగలవు. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ కుర్చీ పనికి వేసింది గాని మనిషికి వేసింది కాదు. ఒప్పందం ముగిసిన మర్నాడు కుర్చీ అక్కడే ఉంటుంది, మనిషి ఉండడు.

వ్యయం

ఈ కొలువులో ఖర్చు అయ్యే మొదటి వస్తువు కాలం. సోమవారం తెల్లవారుజామున ఇల్లు విడిచి, గురువారం రాత్రికో శుక్రవారం రాత్రికో చేరడం పరిపాటి. పండుగకు ఇంట లేకపోవడం, బిడ్డ మొదటి అడుగు ఫోనులో చూడడం—ఈ ఖర్చులు ఏ లెక్కలోనూ వ్రాయరు. కొన్ని సంస్థలలో నిర్ణీత కాలంలో పై మెట్టు ఎక్కనివారు మర్యాదగా తప్పుకోవలసిందే. పైగా తాను చెప్పిన సలహా ఫలించిందా లేదా అన్నది చూసే అవకాశం చాలాసార్లు ఉండదు. మొక్క నాటి, పువ్వు చూడకుండానే మరొక తోటకు పోవలసి ఉంటుంది.

రెండవ వ్యయం ఇంతకన్నా పెద్దది. మన తెలివి మరొకరి పేరున జమ కావడం! దీనికి కావలి సోదరుల కథకు మించిన ఉదాహరణ లేదు. ఏలూరునుండి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేశారు. బొర్రయ్య పలు భాషలు ఎరిగిన మేధావి. ఊరూరా తిరిగి శాసనాలు చదివించి, కరణాలను, పూజారులను అడిగి స్థలచరిత్రలు వ్రాయించే పద్ధతిని రూపొందించినది ప్రధానంగా ఆయనే. 1803లో, ముప్పై ఏళ్ళయినా నిండకుండానే, ఆయన చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నడిపాడు. మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయి, 1821లో మరణించాడు.

మెకంజీ పోయిన తరువాత, ఆ సేకరణ పనిని తానే కొనసాగిస్తానని లక్ష్మయ్య 1830లలో ప్రభుత్వాన్ని కోరాడు. అంతకు పూర్వం పాతికేళ్ళకు పైగా ఆ పని చేసినవాడాయన. కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారిని అభిప్రాయం అడిగితే, స్వదేశీయుడు అంతటి పనికి పెద్దగా ఉండజాలడని జేమ్స్ ప్రిన్సెప్ ప్రభృతులు తేల్చారు. మనవాడు సేకరించడానికి పనికివచ్చాడు, పెత్తనానికి పనికిరాలేదు! మన గ్రామాల చరిత్రలకు ఆకరమైన ఆ కాగితాలను ఈనాటికీ మనం ‘మెకంజీ కైఫీయత్తులు’ అనే పిలుస్తున్నాము. ‘కావలి కైఫీయత్తులు’ అని అన్నవారిని నేను చూడలేదు. మెకంజీ మంచివాడే, తన సహాయకులను ఆదరించాడు, వారి ఋణం బాహాటంగా ఒప్పుకున్నాడు. అయినా కొలువు స్వభావమే అంత. సలహా అమ్మినవాడు సలహామీది హక్కును కూడా అమ్ముకుంటాడు.

ముగ్గురిలో రామస్వామి మాత్రం 1829లో దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషున తన పేరుతోనే అచ్చువేయించాడు. చిన్న పుస్తకమే, అయినా అది ఆయనది.

అవమానం

దొరకు దగ్గరైనవాడు దొర తప్పుకూ దగ్గరే. 1789లో జాన్ హాలండ్ మద్రాసు గవర్నరు అయినాడు. ఆయనకూ, ఆయన సోదరుడు ఎడ్వర్డుకూ కుడిభుజంగా ఉన్న దుబాసీ అవధానం పాపయ్య. తెలుగు బ్రాహ్మణుడు, మహా తెలివైనవాడు. ఆయన మాట లేనిదే పట్నంలో ఆకు కదలదని చెప్పుకునేవారు. తమకు ఎదురుగా ఉన్న హాలిబర్టన్ అనే రెవిన్యూ బోర్డు సభ్యుణ్ణి పదవినుండి తప్పించడానికి దొంగ ఫిర్యాదులు పుట్టించాడని పాపయ్యమీద అభియోగం వచ్చింది. 1792లో విచారణ జరిగింది. జూరీవారు పాపయ్యనూ ఆయన సహచరులనూ దోషులన్నారు. ఆ నాటికి జాన్ హాలండ్ మద్రాసులో లేడు. 1790లోనే పదవి దిగి సీమకు ఓడ ఎక్కాడు.

పాపయ్య నిర్దోషి అని నేను వాదించడంలేదు. అధికారం నీడలో ఆయన చేసిన అక్రమాలకు బాధపడినవారు ఎందరో ఉన్నారు. అయితే ఆ అధికారం ఎవరిది? నీడ పడిన చెట్టు ఓడ ఎక్కింది, నీడకు శిక్ష పడింది. 1827లో సర్ వాల్టర్ స్కాట్ వ్రాసిన నవలలో ఈ పాపయ్యను దుష్టుడైన దుబాసీగా చిత్రించాడు. స్కాట్ ఏనాడూ మద్రాసు చూడలేదు. అయినా మనవాడి అపకీర్తి సముద్రాలు దాటి ఆయన చెవిని పడింది. కీర్తి కన్నా అపకీర్తికి నడక ఎక్కువ.

ఇది గత శతాబ్దాల సంగతి అని తోసివేయవద్దు. 2001లో అమెరికాలో ఎన్రాన్ అనే ఇంధన వ్యాపార సంస్థ కూలిపోయింది. దాని లెక్కలు తనిఖీ చేస్తూ, మరొకవంక సలహాలూ అమ్ముతూ ఉండిన ఆర్థర్ ఆండర్సన్ కంపెనీ, కాగితాలు ధ్వంసం చేసి విచారణకు అడ్డుపడిందని 2002లో తీర్పు వచ్చింది. ఆ తీర్పును 2005లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాని అప్పటికే కంపెనీ చెల్లాచెదురు అయింది. ఎన్రాన్ ముఖం ఎరుగని వేలాది ఉద్యోగులు వీధిని పడ్డారు. ఎవరి పక్కన కూర్చుని సలహా చెబుతున్నామో చూసుకోకపోతే, ఎవరో చేసిన తప్పు మన తలకు చుట్టుకుంటుంది.

మరొక రకం కన్సల్టెన్సీ

సముద్రం దాటిన మన కుటుంబాలకు ‘కన్సల్టెన్సీ’ అనగానే స్ఫురించేది మరొకటి ఉంది. అది సలహాను కాక మనుషులనే అద్దెకు ఇచ్చే సంస్థ. 1990లో అమెరికావారు హెచ్-1బీ వీసాను ఏర్పాటు చేశారు. రెండువేల సంవత్సరం రాకముందు, కంప్యూటర్లు 99 తరువాత తేదీని తప్పు చదువుతాయన్న భయంతో ప్రపంచమంతటా కోడు దిద్దేవారికి గిరాకీ పెరిగింది. ఆ వెల్లువలో మన తెలుగు పిల్లలు వేలాదిగా కదిలారు. అమీర్‌పేటలో మూడు నెలల చదువు, ఆపైన ఒక కన్సల్టెన్సీ, ఆపైన అమెరికా. పొలం అమ్మి పంపినవారున్నారు, నగలు కుదువబెట్టి పంపినవారున్నారు.

ఆ దారివల్ల కలిగిన మేలును కాదనకూడదు. ఒక తరంలో ఎన్నో ఇళ్ళ అప్పులు తీరాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యాయి. కాని అందులో వ్యయమూ ఉన్నది. వీసా యజమాని చేతిలో ఉండడంవల్ల నచ్చకపోయినా వెంటనే విడిచిపోయే వీలు తక్కువ. ఒక పని ముగిసి మరొకటి దొరికేదాకా ఖాళీగా ఉండడాన్ని ‘బెంచీ’ అంటారు. అట్లా పని చూపలేని రోజులకు కూడా జీతం ఇవ్వవలసిందే అని 1998లో అమెరికా చట్టం స్పష్టం చేసింది. ఆ సంగతి తెలియక, తెలిసినా అడగలేక, పదిమంది ఒక్క ఇంట్లో సర్దుకుని నెలలు గడిపిన పిల్లలు ఎందరో ఉన్నారు. పని ఇచ్చేవాడికీ పనివాడికీ నడుమ ఇద్దరు ముగ్గురు దళారులు నిలిచి తలా కొంత కోసుకోవడమూ ఉన్నది. ఆనాడు దుబాసీ దస్తూరీ తీసుకునేవాడు. ఈనాడు దుబాసీ కష్టంమీదే ఇతరులు దస్తూరీ తీసుకుంటున్నారు. కాలం తిరగడమంటే ఇదే కాబోలు.

తొండియార్‌పేట తోటయింటి పెద్ద

ఇంతసేపు ఇతరుల కథలు చెప్పి, మన పేట మనిషి కథను చివరికి ఉంచాను. ఆయన ఏనుగుల వీరాస్వామయ్యగారు. 1780లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. బాల్యంలోనే ఇంగ్లీషు నేర్చి కొలువులో చేరారు. తిరునెల్వేలి కలెక్టరు కచ్చేరీలో అనువాదకులుగా పనిచేశారు. చెన్నపట్నం వచ్చి వర్తక కంపెనీలలో లెక్కలు వ్రాశారు. తుదకు ఇక్కడి సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు అయినారు. సాక్షి చెప్పే తెలుగునూ తమిళాన్నీ జడ్జీదొరకు ఇంగ్లీషున వినిపించడం, దొర మాటను సాక్షికి తెలియజేయడం ఆయన పని. ఒకరి ప్రాణం, మరొకరి ఆస్తి ఆయన నాలుకమీద నిలిచేవి. తొండియార్‌పేటలో ఆయనకు తోట, ఇల్లు ఉండేవి.

1830 మే 18వ తేదీ రాత్రి, కోర్టువారి సెలవు పొంది, వీరాస్వామయ్యగారు ఆ తోటయింటినుండి కాశీయాత్రకు బయలుదేరారు. మొదటి మజిలీ మాధవరం. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథం చూసి, తీరంవెంబడి తెలుగుదేశమంతా దాటుకుంటూ 1831 సెప్టెంబరు 3న తిరిగి పట్నం చేరారు. వికృతినామ సంవత్సరంలో వెళ్ళినవారు ఖరనామ సంవత్సరంలో వచ్చారు. సుమారు పదిహేనున్నర నెలలు. దారిపొడుగునా తాము చూసినదంతా కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి తెలుగున జాబులు వ్రాశారు. ఏ ఊరికి ఎన్ని ఆమడలు, నీరు ఎట్లాంటిది, అంగళ్ళలో ఏమి దొరుకును, దిగడానికి చోటు ఉన్నదా, ఎవరి అధికారం, జనం స్థితి ఎట్లా ఉన్నది—అన్నీ అందులో ఉన్నాయి.

కాస్త ఆలోచించండి. కంపెనీలలో లెక్కలు వ్రాసి, కోర్టులో రెండు పక్షాల మాటా తూచి పలికి నేర్చిన విద్యే గదా ఇది! పరిశీలించడం, అంకెలతో చెప్పడం, తెలిసినంతే వ్రాయడం. దొరలకు ఇన్నేళ్ళు అద్దెకు ఇచ్చిన బుద్ధిని ఆ పదిహేను నెలలూ ఆయన తనవారికోసం, తన భాషలో, తన పేరున వాడుకున్నారు. 1836లో ఆయన గతించారు. 1838లో స్నేహితులు శ్రీనివాసపిళ్ళెగారు ఆ జాబులను ‘కాశీయాత్ర చరిత్ర’ అనే పేరుతో అచ్చువేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. కోర్టులో ఆయన పలికిన లక్షల మాటలు గాలిలో కలిసిపోయాయి. స్నేహితునికి వ్రాసిన జాబులు నిలిచాయి. ఈనాడు మనం ఆయనను తలుచుకునేది ఆ జాబులవల్లనే.

ఆయన సమకాలికులే అయిన వెన్నెలకంటి సుబ్బారావుగారు కూడా సదర్ అదాలతులో అనువాదకులుగా ఉండి తన జీవితకథ వ్రాసుకున్నారు. అది 1873లో అచ్చయింది. కాని ఆయన ఇంగ్లీషున వ్రాశారు. చరిత్రకారులకు ఆ పుస్తకం అమూల్యమే అయినా, తెలుగు ఇళ్ళలో వీరాస్వామయ్యగారికి దక్కిన చనువు ఆయనకు దక్కలేదు. ఏ భాషలో దాచుకుంటే ఆ భాషవారికే మనం దక్కుతాము.

సోదరికి చెప్పిన జవాబు

ఇంతకూ ఆ తల్లికి నేనేమి చెప్పాను? “చేరమనమ్మా. తెలివికి విలువ కట్టే చోటు అది. కాని నాలుగు మాటలు చెప్పి పంపు. ఆ కొలువును బడి అనుకొమ్మను. ఎన్నేళ్ళు చదవాలో ముందే తన మనసులో అనుకొమ్మను. తాను కళ్ళారా చూడని లెక్కకు సంతకం పెట్టవద్దను. సముద్రం దాటే ఉద్యోగమైతే ఒప్పంద పత్రం చదవకుండా, ఆ దేశపు చట్టం తెలుసుకోకుండా విమానం ఎక్కవద్దను. కంపెనీ రహస్యాలు కంపెనీవే, వాటిని ముట్టవద్దు. కాని తాను చూసిన ఊళ్ళు, తాను నేర్చిన పాఠాలు తనవి. వాటిని వారానికొకసారి నీకు తెలుగులో ఉత్తరంగా వ్రాయమను” అన్నాను.

“తెలుగులోనా అన్నయ్యగారూ! వాడికి మాట్లాడడమే గాని వ్రాయడం సరిగ్గా రాదే” అన్నది ఆమె.

ఆ మాట నా మనసులో గుచ్చుకుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు చెన్నపట్నం అందులో చేరలేదు. ఇల్లు కదలకుండానే మనం ప్రవాసులమైనాము. కొందరు మరింత దూరం పోయి మరొకసారి ప్రవాసులైనారు. రెండు భాషలు రావడంవల్లనే మన పూర్వులు దుబాసీలైనారు. వారు అద్దెకు ఇచ్చింది రెండవ భాషను. మొదటిది ఇంట ఉన్నందువల్లనే దాన్ని ఇవ్వగలిగారు. మొదటి భాష పోయినవాడు దుబాసీ కాడు. ఉత్త ‘బాసీ’ మాత్రమే.

“రాకపోతే ఈ ఉగాదినుండే నేర్పించు. వాడు చేరడానికి ఇంకా రెండు నెలలున్నది గదా” అన్నాను. “సాయంత్రం పంపిస్తాను, మీరే నేర్పండి” అన్నది. కుర్రవాడు వస్తున్నాడు. గుణింతాలు అయినవి, ఒత్తుల దగ్గర ఉన్నాము. మొదటి ఉత్తరం ఏ ఊరినుండి వస్తుందో చూడాలి.

పాఠక సోదరీ సోదరులందరికీ ఈ నూతన సంవత్సరంలో ఆదాయం వ్యయాన్ని మించుగాక! రాజపూజ్యం మీకు దక్కుగాక! మీ తెలివి, మీ పేరు ఒకే పుటలో జమ అగుగాక!